అద్దం బల్లకు గద్వాల అంచు

ముచ్చటపడి అద్దాల డైనింగ్ టేబుల్ కొంటాం. నలుగురూ చూసి 'బాగుంది' అంటే మురిసిపోతాం. నెల తిరగకుండానే గీతలు పడతాయేమోనని దాని మీద పూల పూల ప్లాస్టిక్ షీటు పరిచేస్తాం. ఇంకేముంది... అద్దం అందం కాస్తా అటకెక్కినట్టే!

అలాగని ఏమీ పరచకుండా వదిలేస్తే వేలిముద్రలు, చారు మరకలు, కింద పడేసిన చెప్పులూ అన్నీ కనిపిస్తాయి. మరి అద్దాన్ని దాచేయకుండా, బోసిగా వదిలేయకుండా ఎలా అలంకరించాలి? దీనికోసం వనపర్తి వాళ్లు హైదరాబాద్ షోరూముల దాకా వెళ్లనక్కర్లేదు. కావలసిన సరంజామా చాలావరకు చుట్టుపక్కలే, ఆ మాటకొస్తే ఇంట్లోని బీరువాలోనే దొరుకుతుంది.

చీరే రన్నర్

బల్ల నిండా గుడ్డ కప్పితే అది అద్దమో చెక్కో తెలియదు. అందుకే మధ్యలో పొడవుగా ఒక్క రన్నర్ పరిస్తే చాలు. బల్ల వెడల్పులో మూడో వంతు, రెండు కొసలా ఆరేసి అంగుళాలు వేలాడేలా ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. అంటే అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న బల్లకు ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న గుడ్డ సరిపోతుంది.

అమ్మదో, అమ్మమ్మదో పాత గద్వాల చీర ఉందా? ఒళ్లు చిరుగులు పట్టినా అంచు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది చాలాసార్లు. అయిదున్నర మీటర్ల చీర అంటే పద్దెనిమిది అడుగులు. ఒకవైపు అంచు నుంచే మూడు రన్నర్లు వస్తాయి. ఒకటి మీకు, మిగతా రెండూ అక్కాచెల్లెళ్లకు! అమ్మమ్మ చీర ముగ్గురి ఇళ్లలోనూ ఉంటుంది.

అయితే కత్తెర పట్టేముందు ఒక్క మాట. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెంటినీ సూదితో కుట్టరు. మగ్గం మీదే ఒక పోగును మరో పోగుతో ముడివేస్తూ నేస్తారు. అందుకే దీనికంత పేరు. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గద్వాల చుట్టుపక్కలే కాదు, వనపర్తి జిల్లాలోని కొత్తకోట, అమరచింతల్లోనూ మగ్గాలున్నాయి. ఇంత పనితనం ఉన్న గుడ్డను కోసి అలాగే వదిలేస్తే పోగులు ఊడిపోతాయి. కోసిన వెంటనే అంచులు మడిచి కుట్టించండి. వెనక పల్చటి నూలు గుడ్డ లైనింగ్ వేయిస్తే అద్దం మీద జారడం కూడా తగ్గుతుంది. మంచిగా ఉన్న చీరను మాత్రం కోయొద్దు. అది కట్టుకోవడానికే!

పసుపు మరక పడిందనుకోండి. నూలు గుడ్డయితే ఉతికి ఎండలో వేస్తే పసుపు వెలిసిపోతుంది. పట్టుకు ఆ పని చేస్తే రంగే పోతుంది. కాబట్టి రన్నర్ మీద గిన్నెలు పెట్టకుండా చూసుకోవడమే మేలు. దాన్ని నీడలోనే ఆరేయాలి.

ముఖాలు కనపడాలి

మధ్యలో పెద్ద పూలకుండీ పెడితే ఎదుటివాళ్లతో మాట్లాడాలన్నా మెడ పక్కకు వంచాల్సిందే. అలంకరణ ఏదైనా అడుగు ఎత్తు మించకూడదు. వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి నాలుగు బంతిపూలు, రెండు మందారాలు వదలండి. అద్దంలో వాటి నీడ పడి రెట్టింపు పూలు కనిపిస్తాయి. వేసవిలో అయితే కొల్లాపూర్ మామిడిపండ్లు ఓ వెదురుబుట్టలో పెడితే అంతకు మించిన అలంకరణ ఏముంటుంది? చూడటానికీ, తినడానికీ కూడా!

అద్దం బల్లకు కింది భాగం కూడా అలంకరణే. నాపరాళ్ల గచ్చు మీద ఓ చారల జంపఖానా పరిస్తే పైనుంచి రంగులన్నీ కనిపిస్తాయి. లైటు వేలాడదీస్తే బల్లకు రెండున్నర నుంచి మూడడుగుల ఎత్తులో ఉండాలి. బల్బు నేరుగా అద్దంలో కనిపిస్తే కళ్లకు ఇబ్బంది. అందుకే దానికి డోమ్ తప్పనిసరి.

అందం కన్నా ముందు...

పిల్లలున్న ఇంట్లో అసలు సంగతి ఇదే. మీ బల్ల మీదున్నది మామూలు అద్దమా, టఫెన్డ్ గ్లాసా? మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి పెంకులవుతుంది. టఫెన్డ్ గ్లాసును 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, ఒక్కసారిగా చల్లార్చి తయారుచేస్తారు. మామూలు అద్దం కన్నా దాదాపు నాలుగు రెట్లు గట్టిది. పగిలినా మొద్దుబారిన చిన్న చిన్న ముక్కలవుతుంది. ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కోయడం కుదరదు. అందుకే కొలతలు ముందే సరిచూసుకోవాలి.

ఎలా గుర్తుపట్టాలి? సాధారణంగా ఓ మూలన చెరగని ముద్ర ఉంటుంది. పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని పగటి వెలుతురులో ఏటవాలుగా చూస్తే మచ్చలో, చారలో కనిపిస్తాయి. అవేవీ లేకపోతే అమ్మినవాళ్లను గట్టిగా అడగండి.

పొయ్యి మీద నుంచి దించిన పప్పుగిన్నెను నేరుగా అద్దం మీద పెట్టకండి. గిన్నె కింద ఉన్నచోట అద్దం వ్యాకోచిస్తుంది, పక్కన చల్లగానే ఉంటుంది. మామూలు అద్దంలో 40 డిగ్రీల తేడా వచ్చినా చీలిపోయే ప్రమాదం ఉంది. మన పెద్దవాళ్లు కుండ కింద పెట్టే చుట్టకుదురు ఇక్కడ అక్కరకొస్తుంది. పాత నూలు చీరను మెలితిప్పి గుండ్రంగా కుట్టేస్తే సరి. వేడి జొన్నరొట్టెలను గుడ్డ పరిచిన వెదురుబుట్టలో పెడితే చెమట పట్టవు, అద్దానికీ హాయి.

ఇంకొకటి. అయిదడుగులు, మూడడుగులు ఉన్న 12 మిల్లీమీటర్ల అద్దం దాదాపు 42 కిలోలు తూగుతుంది. దాని మీద పిల్లల్ని కూర్చోబెట్టడం, ఒక్కరే ఎత్తి జరపడం వద్దు. అద్దానికీ, కాళ్లకూ మధ్య సిలికాన్ బిళ్లలు అరిగిపోయాయేమో చూస్తుండండి. టఫెన్డ్ గ్లాసుకైనా మూలలే బలహీనం. అక్కడ దెబ్బ తగలకుండా రబ్బరు తొడుగులు వేయండి.

తుడిచేటప్పుడు...

* ముందు పొడిగుడ్డతో దుమ్ము దులపండి. ఇసుకరేణువు ఉండగా రుద్దితే గీతలు ఖాయం.
* నాలుగు వంతుల నీళ్లకు ఒక వంతు వెనిగర్ కలిపి గుడ్డ మీద చల్లి తుడిస్తే జిడ్డు పోతుంది.
* స్టీలు పీచు, గిన్నెలు తోమే పౌడరు అద్దం జోలికి రానీయొద్దు.
* పళ్లేల కింద ఈత చాపలో, నూలు మ్యాట్లో వేస్తే స్టీలు కంచాల చప్పుడూ తగ్గుతుంది.

ఎంత అలంకరించినా, టీవీ ముందు ఒకరు, వంటింట్లో ఒకరు నిలబడి తినేస్తే ఆ బల్ల ఇస్త్రీ బట్టలు పెట్టుకోవడానికే పనికొస్తుంది. రోజుకు ఒక్కపూటైనా అందరూ చుట్టూ కూర్చోండి. అమ్మమ్మ చీర అంచు చూసి పిల్లలు 'ఇది ఎవరిది?' అని అడుగుతారు. కబుర్లు అక్కడే మొదలవుతాయి.