పది రోజుల వేసవి శిబిరంలో ఏం జరుగుతుంది?



రంజాన్ నెలలో రసీదు పుస్తకం పట్టుకుని మీ దుకాణాలకు, ఇళ్లకు వచ్చినప్పుడు మీలో చాలామంది మమ్మల్ని ఒక మాట అడుగుతుంటారు. "వేసవి శిబిరం అంటున్నారు, అక్కడ పిల్లలకు ఖురాన్ చదివిస్తారా, ఇంగ్లీషు నేర్పుతారా, కంప్యూటరా?" అని. గుమ్మంలో నిలబడి మాట్లాడే రెండు నిమిషాల్లో "అన్నీ కొంచెం కొంచెం" అనేసి, రసీదు రాసిచ్చి వచ్చేస్తుంటాం. అది సరైన జవాబు కాదు. మీ సొమ్ముతో నడిచే పని గురించి మీకు ఇంతకంటే వివరంగా తెలియాలి. అందుకే ఈసారి కాస్త తీరిగ్గా రాస్తున్నాం.

ఇది మదర్సా కాదు, ట్యూషనూ కాదు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు రాసిన పిల్లలు పది రోజులపాటు ఇల్లు వదిలి, సెలవుల్లో ఖాళీగా ఉన్న ఒక హాస్టల్లో కలిసి ఉంటారు. మగపిల్లలకు ఒక విడత, ఆడపిల్లలకు మరో విడత. నేర్పేవాటిని జీవన నైపుణ్యాలు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో వీటిని పదిగా విడదీసి చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యకు దారి వెతకడం, ఎదుటివాడి కష్టం అర్థం చేసుకోవడం, కోపాన్నీ దిగులునూ తట్టుకోవడం వగైరా. మన పిల్లల విషయంలో ఇవి చాలా మామూలు సంగతులు. మెకానిక్ షెడ్డులో ఉస్తాద్ తిడితే చేతిలో ఉన్న స్పానర్ విసిరేయకుండా ఉండగలగడం. తెలియని దరఖాస్తు చేతికిస్తే పక్కవాడికి ఇచ్చేయకుండా తానే నింపడం. "నాకు ఇంకా చదువుకోవాలని ఉంది" అని అబ్బాజాన్ ముందు కూర్చుని, ఏడవకుండా చెప్పగలగడం.

ఇవి ఇంటి దగ్గర నేర్పవచ్చు కదా, పది రోజులు ఉంచడమెందుకు, భోజనాల ఖర్చు ఎందుకు అని అడిగినవారూ ఉన్నారు. సమంజసమైన ప్రశ్నే. ఇంటి దగ్గర వేసవి అంటే మన పిల్లలకు సెలవులు కావు. అబ్బాయి బాబాయి వెల్డింగ్ షాపుకో, పండ్ల బండి దగ్గరికో వెళతాడు. అమ్మాయి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకుంటుంది, వంట చేస్తుంది. శిబిరం ఉచితమని చెప్పినా తల్లిదండ్రులు వెనకాడేది అందుకే. పది రోజులు పిల్లవాడు రాకపోతే ఇంట్లోకి వచ్చే కూలి తగ్గుతుంది. ఆ కూలి మనం ఇద్దామా వద్దా అని కమిటీలో రెండు సమావేశాలు వాదించుకున్నాం. చివరకు డబ్బు ఇవ్వకుండా, అవసరం ఉన్న ఇళ్లకు బియ్యం, పప్పు, నూనె పంపడానికి ఒప్పుకున్నాం. ఆ తర్వాతే దరఖాస్తులు పెరిగాయి. కరపత్రాలు ఎన్ని పంచినా రానివాళ్లు సరుకుల సంచి చూసి వచ్చారని కొందరు నొచ్చుకున్నారు. మేము నొచ్చుకోలేదు.

మొదటి రాత్రి ఎవరూ సరిగా నిద్రపోరు. పద్నాలుగేళ్లు వచ్చినా అమ్మీ లేకుండా ఎప్పుడూ పడుకోని పిల్లలు చాలామందే ఉంటారు. పగలు గొంతు పెంచి మాట్లాడినవాడే రాత్రి దుప్పటిలో ముఖం దాచుకుని ఏడుస్తాడు. ఫోన్లు వచ్చిన రోజే తీసుకుని, పేరు రాసి బీరువాలో పెడతాం. మగ్‌రిబ్ తర్వాత పది నిమిషాలు ఇంటికి మాట్లాడుకోవచ్చు. మూడో రోజు అన్నిటికంటే కష్టం. "మా అబ్బాయి ఏడుస్తున్నాడు, వచ్చి తీసుకుపోతాం" అని ఫోన్లు వచ్చేది ఆ రోజే. ఇంకొక్క రోజు ఆగమని బతిమాలతాం. ఐదో రోజుకి అదే పిల్లవాడు ఆటలో పడి, ఫోన్ చేయాలన్న సంగతే మరిచిపోతాడు. అప్పుడు అమ్మీ బాధపడుతుంది.

రోజు ఫజర్‌తో మొదలవుతుంది. మే నెలలో నాలుగున్నర ప్రాంతంలో లేవాలి. చల్లగా ఉండగానే వ్యాయామం, కాసేపు ఖురాన్ పఠనం, టిఫిను. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నేర్చుకునే సమయం. జొహర్, భోజనం అయ్యాక ఎవరినీ బయటికి రానివ్వం. పల్నాడు ఎండలు మీకు కొత్త కాదు. అసర్ తర్వాతే ఆటలు. ఇషా అయ్యాక దీపాలు ఆర్పేస్తాం, ఆరిపోయాక ఒక గంటసేపు గుసగుసలు వినబడుతూనే ఉంటాయి. దాన్ని ఆపాలని ఇప్పుడు ప్రయత్నించడం లేదు.

మొదటి ఏడాది ఆ ఉదయపు మూడు గంటలూ ఉపన్యాసాలతో నింపాం. పెద్దలు దూరం నుంచి వచ్చి ఎంతో మంచి మాటలు చెప్పారు. పిల్లలు కళ్లు తెరుచుకుని నిద్రపోయారు. ఇప్పుడు ఉపన్యాసం ఇరవై నిమిషాలు దాటనివ్వం, వక్త ఎంత పెద్దవారైనా సరే. మిగతాదంతా చేసి చూడటమే.

ఒక సంగతి చెబుతాం. ఆరుగురు పిల్లల జట్టుకు ఒక పూట భోజనానికి సరిపడే డబ్బు ఇచ్చి, ఒక వాలంటీరును తోడిచ్చి బజారుకు పంపుతాం. అందరికీ వాళ్లే వండాలి, వంటమనిషి పక్కనుంటాడు గానీ చెయ్యి పెట్టడు. దాదాపు ప్రతి జట్టూ మొదట కోడిమాంసం కొనేస్తుంది. బియ్యం కొనేసరికి డబ్బు అయిపోతుంది, నూనె సంగతి ఎవరికీ గుర్తుండదు. అప్పుడు పక్క జట్టు దగ్గర అప్పు అడగాలి. అడగడానికి ఎవరు వెళ్లాలన్నదే పెద్ద గొడవ. అప్పు తీసుకుంటే కాగితం మీద రాయాలని మా నియమం. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పును రాసిపెట్టుకోవడం గురించినదేనని మౌలానా గారు ఆ సాయంత్రం చెబుతారు. చేతిలో ఆ అప్పు కాగితం ఉన్నప్పుడు వింటే అది వేరుగా వినిపిస్తుంది. మర్నాడు జట్టు నాయకుడు బజారుకు వెళ్లే ముందే జాబితా రాస్తాడు.

తిన్న పళ్లెం ఎవరిది వాళ్లే కడగాలి. వడ్డించే పని జట్లవారీగా తిరుగుతుంది. ఇంట్లో పళ్లెం తీసి పక్కన పెట్టడం కూడా ఎరగని అబ్బాయిలకు ఇది పరీక్ష. ఒక తల్లి మాతో, "మీ దగ్గర్నుంచి వచ్చాక వారం రోజులు తన పళ్లెం తనే కడిగాడు, తర్వాత మానేశాడు" అని నవ్వుతూ చెప్పింది. వారమైనా కడిగాడు.

కాగితాల పని గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. మన పిల్లల చదువు ఆగిపోయేది ఒక్కోసారి మార్కుల దగ్గర కాదు, పేరు దగ్గర. ఆధార్‌లో 'షేక్' ముందుంటుంది, పదో తరగతి మెమోలో వెనక ఉంటుంది, రేషన్ కార్డులో ఉత్త 'ఎస్.కె.' ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకచోట చివర 'కె', ఇంకోచోట 'కె.హెచ్.' తండ్రి పేరుదీ అదే కథ. అడ్మిషన్ కౌంటరు దగ్గరో, స్కాలర్‌షిప్ దరఖాస్తులోనో ఈ తేడా బయటపడుతుంది, అప్పటికి గడువు ముగిసిపోతుంది. అందుకే శిబిరానికి వచ్చేటప్పుడు అన్ని కాగితాల నకళ్లూ తెమ్మంటాం. ఒక రోజంతా పిల్లలే వాటిని పక్కపక్కన పెట్టి, తేడాలు గుర్తించి, ఏది ఎక్కడ సరిచేయించుకోవాలో రాసుకుంటారు. కుల ధ్రువపత్రం బీసీ-ఇ కిందనో, దూదేకుల పిల్లలైతే బీసీ-బి కిందనో ఉందా లేదా చూసుకుంటారు. ఆ రోజు పిల్లలు వేసే ప్రశ్నలకు మాలో గ్రాడ్యుయేట్లు కూడా తడబడ్డారు. మా కమిటీలోనే ఇద్దరు సభ్యుల పేర్లు రెండు రకాలుగా ఉన్నాయని అప్పుడే తేలింది.

ఇంకో రోజు బ్యాంకుకు వెళతారు. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2014లో వీలు కల్పించింది. చాలామంది తల్లిదండ్రులకు అది తెలియదు. స్లిప్పు నింపడం, ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం, మోసం జరిగితే 1930కి వెంటనే ఫోన్ చేయడం, లోన్ యాప్‌ల ఉచ్చు ఎలా ఉంటుందో చూడటం, అన్నీ అక్కడే. పదో తరగతి అయినవారికి పాలిసెట్ అంటే ఏమిటి, ఐటీఐలో ఏ ట్రేడులున్నాయి, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో సీటు ఎలా వస్తుంది అన్నవి చెబుతాం. పది తప్పినవాళ్లనూ తీసుకుంటాం. వాళ్లకు సప్లిమెంటరీ కోసం రోజూ రెండు గంటలు విడిగా చదువు ఉంటుంది. "తప్పినవాళ్లకెందుకు?" అన్నవారితో మేము ఏకీభవించం. ఈ శిబిరం ఎక్కువ అవసరమున్నది వాళ్లకే.

ఆడపిల్లల విడత విషయంలో తల్లిదండ్రులకు చెప్పేదే మీకూ చెబుతున్నాం. లోపల ఉండేవారంతా మహిళలే. ఏ పెద్ద మనిషీ ఏ బిడ్డతోనూ తలుపులు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం రెండు విడతలకూ ఒకటే. అది మా కమిటీ అధ్యక్షులకూ వర్తిస్తుంది. వైద్యురాలు వచ్చి శరీరం గురించి, నెలసరి గురించి మాట్లాడతారు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం చట్టరీత్యా నేరమని, ఇబ్బంది వస్తే 1098కి ఫోన్ చేయవచ్చని చెబుతాం. ఇది చెప్పడం ఎందుకని ఒకరిద్దరు పెద్దలు అభ్యంతరం పెట్టారు. చెప్పడం మానలేదు.

జబ్బుల సంగతి క్లుప్తంగా. వేసవిలో వచ్చేవి వడదెబ్బ, విరేచనాలు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగించడం ప్రతి పిల్లవాడికీ నేర్పి, చేయించి చూస్తాం. కాలువకు, చెరువుకు ఎవరినీ వెళ్లనివ్వం. పిల్లలకు దీని మీదే మా మీద అన్నిటికంటే కోపం.

ఇక మీరు శిబిరానికి ఎప్పుడు రావాలన్నది. ఒక ఏడాది ఒక దాత దుస్తులు పంచడానికి వచ్చారు. పిల్లల్ని వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి చేతిలో ప్యాకెట్టు పెడుతూ ఫొటోలు తీయించారు. రాత్రికల్లా ఆ ఫొటోలు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. పొద్దున్నే ఒక అబ్బాయి సంచి సర్దుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. "మా క్లాసువాళ్లంతా చూశారు సార్" అన్నాడు, అంతకు మించి ఏమీ అనలేదు. వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆ దాతకు ఎలాంటి చెడు ఉద్దేశమూ లేదు. ఆపవలసినవాళ్లం మేము, ఆపలేదు. అప్పటినుంచి ఎనిమిదో రోజు అసర్ తర్వాత దాతలను పిలుస్తున్నాం. వేదిక ఉండదు, శాలువాలు ఉండవు. పిల్లలు వండింది పిల్లలతో కలిసి కింద కూర్చుని తినాలి. ఉప్పు ఎక్కువైతే ఆ సంగతి వాళ్లకే చెప్పండి.

మీరు ఇచ్చిన జకాత్ సొమ్మును హాస్టల్ అద్దెకు గానీ, వక్తల ప్రయాణ ఖర్చులకు గానీ వాడం. ఖురాన్ చెప్పిన ఎనిమిది వర్గాల్లోకి వచ్చేవారికే, అదీ వారి చేతికే చేరాలని మేము అడిగిన ఉలమా చెప్పారు. ఇళ్లకు పంపే సరుకులు, అర్హులైన పిల్లల పుస్తకాలు, ఫీజులు దాని నుంచి ఇస్తాం. అద్దె, వంట, కరెంటు సదకా, ఇతర విరాళాల నుంచి. రసీదు రాయించుకునేటప్పుడు మీరిచ్చేది ఏదో తప్పక చెప్పండి. చెప్పకపోతే మాకు లెక్క కష్టమవుతుంది.

పది రోజుల్లో పిల్లవాడు మారిపోతాడని మేము చెప్పం. కొందరు జూన్‌లో బడికి పోకుండా మళ్లీ షాపుకే వెళ్లారు. వాళ్లలో ఒకడు ఇప్పుడు రాత్రిళ్లు చదువుతూ ఓపెన్ స్కూల్లో పది కడుతున్నాడు. ఇంకొకడు ఫోన్ ఎత్తడం లేదు. ఒక అమ్మాయి ఇంటికెళ్లిన వారానికి తండ్రితో మాట్లాడింది. ఆయన ఒక్క ఏడాది చదవనిస్తానన్నాడు. ఆ ఏడాది ఈ మార్చితో అయిపోయింది. మా ఆపా ఒకరు నెలకోసారి వాళ్లింటికి వెళ్లి టీ తాగి వస్తున్నారు. రెండో ఏడాది ఫీజు కట్టారని మొన్ననే తెలిసింది, అల్హమ్‌దులిల్లాహ్.

శిబిరం అయ్యాక ఇలా నెలనెలా ఇళ్లకు వెళ్లే మనుషులు మాకు తక్కువగా ఉన్నారు. వచ్చే మే నెల బాలికల విడతకు పది రాత్రులు అక్కడే ఉండగల మహిళలు కూడా ఇంకా ఇద్దరు కావాలి. విశ్రాంత టీచర్లయినా, నర్సులైనా, పిల్లల్ని పెంచిన అనుభవమున్న తల్లులైనా సరే. మీ ఇంట్లో అలాంటివారుంటే రంజాన్‌లో రసీదు పుస్తకంతో మేము వచ్చినప్పుడు వారి పేరు కూడా రాయించండి.