షర్లీ యను పేరు

ఆడుబిడ్డ పుట్టినచో మన యిండ్లలో నాయనమ్మ పేరో, ఇలవేల్పు పేరో పెట్టుట వాడుక. ఇంటిపేరునే బిడ్డకు పేరుగా పెట్టుట మనకు వింతగా దోచును. ఆంగ్లేయులలో నట్టి యాచారము చిరకాలముగా గలదు. అట్లు పుట్టిన పేళ్లలో మన చెవులకును పరిచితమైనది షర్లీ.

ఈ పేరు మొదట మనుష్యులది కాదు, ఊరిది. ఇంగ్లాండులో డెర్బీషైరు, సర్రే మొదలగు సీమలలో షర్లీ యను నూళ్లు గలవు. ప్రాచీనాంగ్లమున 'లీ' యనగా అడవినడుమ చెట్లు లేని బయలు. మొదటి భాగమునకు ప్రకాశమని సాధారణముగా నర్థము చెప్పుదురు. వెలుతురు పడు బయలన్నమాట. ఊరి పేరు క్రమముగా నింటిపేరయ్యెను. మనలో కందుకూరి, వేటూరి యనునవి వచ్చిన త్రోవయు నిదియే.

ఇంటిపేరు పిలుపుపేరగుటకు తల్లులును కొంత కారణము. పెండ్లితో పోయిన పుట్టినింటి పేరును బిడ్డకు పెట్టి నిలుపుకొనుట యా దేశములలో గలదు. కెనడా రచయిత్రి మాంట్‌గోమరీ 1908లో ప్రకటించిన ప్రసిద్ధ నవలలో నాయిక యాన్ షర్లీ. తరువాతి కథలలో నామె పెండ్లాడి, కొడుకులలో నొకనికి షర్లీ యని పేరు పెట్టినది. మనమును పెండ్లినాడు ఇంటిపేరు విడుచుచున్నాము గాని, దానిని దాచుకొను చోటు మనకు లేదు.

ఆ పేరు కొడుకునకు పెట్టుటయే చూడుడు. షర్లీ యనునది చిరకాలము మగవారి పేరే. దానిని ఆడుదాని పేరుగా లోకమునకు పరిచయము చేసినది షార్లెట్ బ్రాంటీ 1849లో వెలువరించిన 'షర్లీ' యను నవల. అందలి నాయిక తలిదండ్రులు మగబిడ్డను గోరిరి. పెండ్లియైన యెనిమిదేండ్లకును కూతురొక్కతెయే కలుగగా, కొడుకునకు పెట్టదలచిన పేరే యామెకు పెట్టిరి. కూతురు పుట్టినదను చింత యా పేరులోనే యున్నది! కాని యాపిల్ల దానిని బరువుగా మోయలేదు. యార్క్‌షైరులో తన భూములకు తానే యజమానురాలై, మగవారితో సరిసమానముగా వ్యవహారములు మాటలాడుచు, నవ్వుచు తన్ను తాను 'కెప్టెన్' అని చెప్పుకొనును. ఈ పాత్రకు మూలము తన చెల్లెలు ఎమిలీ యని షార్లెట్ చెప్పినది. ఆరోగ్యమును సిరియు నుండినచో నెమిలీ యెట్లుండెడిదో అట్లు చిత్రించినదట. ఆ పుస్తకము వ్రాయుచుండగనే 1848 సెప్టెంబరులో తమ్ముడు బ్రాన్‌వెల్, డిసెంబరులో ఎమిలీ, మరుసటి మే నెలలో చిన్న చెల్లెలు యాన్ గతించిరి. బ్రతుకు ఈయని భాగ్యమును అక్క కథలో నిచ్చినది.

పిమ్మట నా పేరు మెల్లగా ఆడుపిల్లలదయ్యెను. దానిని ఇంటింటికి జేర్చినది మాత్రము 1928లో కాలిఫోర్నియాలో పుట్టిన షర్లీ టెంపుల్. ఆరేండ్ల ప్రాయముననే చలనచిత్రములలో నాడి పాడి, ఉంగరాల జుట్టుతో లోకమును మురిపించిన యా చిన్నదాని పేరు పెట్టని వీధి అమెరికాలో లేదనవచ్చును. 1935, 1936 సంవత్సరములలో నక్కడ పుట్టిన యాడుబిడ్డల పేళ్లలో మేరీ మొదటిదికాగా షర్లీ రెండవది.

అందరును టెంపుల్ పేరువారే యనుకొనరాదు. ఆమెకంటె ముందు, 1924లో, పుట్టిన షర్లీ చిజమ్ 1968లో అమెరికా కాంగ్రెసునకు ఎన్నికైన మొదటి నల్లజాతి స్త్రీ. 1972లో అధ్యక్షపదవికి తన పార్టీ అభ్యర్థిత్వము గోరి నిలిచినది. టెంపుల్ పెరిగి పెద్దదై, 1974లో ఘనా దేశమునకు, 1989లో చెకొస్లొవేకియాకు రాయబారిగా వెళ్లినది. భర్త యింటిపేరు బ్లాక్. ఆమె పుట్టినింటి పేరు విడువక దానివెనుక దీనిని జేర్చి, షర్లీ టెంపుల్ బ్లాక్ అని వ్రాసికొనెడిది.

ఇప్పుడా దేశములలో మగబిడ్డకు షర్లీ యని పేరు పెట్టువారు మిక్కిలి యరుదు.