దూరదర్శన కథాస్థలములు : నాడు, నేడు

పాత దూరదర్శన ధారావాహికలను మరల చూచునపుడు మనము కథను మాత్రమే గాక, కథ నడచిన వీథులను, ఇండ్లను, కొండలను గూడ చూచుచుందుము. "ఆ యిల్లు ఇప్పుడు ఉన్నదా? ఆ వీథి ఎట్లు మారినది?" అను ప్రశ్న సహజముగా కలుగును. పాత చిత్రమును చేతబట్టుకొని ఆ చోటికే పోయి పోల్చి చూచుట నేడు పలుదేశములలో పెక్కురకు వేడుకయైనది. చక్కగా చేసినచో ఇది వేడుక మాత్రమే గాక చరిత్రను చదువుటకు మంచి యభ్యాసమును అగును. అయితే పోల్చుటకు ముందు మూడు సంగతులను వేఱుపఱచుకొనవలెను. చిత్రమున కానవచ్చిన దానిలో ఆ చోట మొదటినుండి ఉన్నదేది? చిత్రమును తీసినవారు తెచ్చిపెట్టినదేది? పిమ్మట కాలము మార్చినదేది? ఈ మూటిని కలగలిపినవాడు ఎన్నడును లేనిదానిని పోయినదని తలంచి వగచును.

మనకు దగ్గఱి యుదాహరణమును తీసికొందము. ఆర్. కె. నారాయణ్ గారు 1935వ సంవత్సరమున వెలువడిన "స్వామి అండ్ ఫ్రెండ్స్" అను నవలలో మాల్గుడి యను పట్టణమును కల్పించిరి. స్వామినాథన్ అను బాలుడు ఆ పట్టణమందలి ఆల్బర్ట్ మిషన్ పాఠశాలలో చదువును. కావున మన విద్యార్థులకు అతడు తోడి విద్యార్థివంటివాడు. ఆ పట్టణము ఏ పటమునందును లేదు. నారాయణ్ గారి కథలను శంకర్ నాగ్ గారు "మాల్గుడి డేస్" అను ధారావాహికగా తీసినపుడు లేని పట్టణమునకు ఉన్న చోటులను వెదకవలసి వచ్చెను. కర్ణాటక రాష్ట్రమున శివమొగ్గ జిల్లాలోని ఆగుంబె గ్రామమును వారు ముఖ్యముగా ఎన్నుకొనిరి. ఆ ధారావాహిక 1986లో దూరదర్శన్ నందు ప్రసారమై దేశమంతట ఆదరింపబడెను.

ఆగుంబె పడమటి కనుమలలో రెండువేల అడుగులకు పైయెత్తున నున్నది. అచట ఏటేట సగటున 7,000 మిల్లీమీటర్లకు మించి వర్షము కురియును. ఇది హైదరాబాదున కురియుదానికి సుమారు ఎనిమిది రెట్లు. ఇంతటి వానలో పెంకులును, కఱ్ఱయు ఆలనాపాలన లేక నిలువజాలవు. అయినను స్వామి యిల్లుగా చూపబడిన "దొడ్డమనె", అనగా పెద్ద యిల్లు, తన నడిమి ముంగిలితోను, కఱ్ఱ స్తంభములతోను నిలిచియున్నది. అది చిత్రము కొఱకు కట్టిన యిల్లు కాదు. చిత్రమునకు పూర్వమును, పిమ్మటను అందు ఒక కుటుంబము కాపురముండెను. జారిన పెంకును సరిచేయువారు, చివికిన కఱ్ఱను మార్చువారు ఉన్నంతకాలమే అట్టి యిల్లు నిలుచును.

చిత్రములో మాల్గుడి రైలు స్టేషను ఊరికి కూతవేటు దూరమున నున్నట్లు తోచును. కాని ఆగుంబెకు రైలే లేదు! ఆ దృశ్యములను అదే జిల్లాలో శివమొగ్గ–తాళగుప్ప మార్గముమీది అరసాళు స్టేషనులో తీసిరి. ఆనాడు అచట పొగబండి మీటరుగేజి పట్టాలపై నడచెను. రెండు పట్టాల నడుమ ఎడము 1 మీటరు. ఇప్పుడు బ్రాడ్‌గేజి పట్టాలున్నవి; ఎడము 1.676 మీటర్లు. పట్టాల ఎడమును చూచినంతనే చిత్రము ఏ కాలమునాటిదో కొంత చెప్పవచ్చును. పాత స్టేషను కట్టడమును రైల్వేవారు బాగుచేయించి, 2020లో మాల్గుడి ప్రదర్శనశాలగా మార్చిరి. ఇందొక హెచ్చరిక కలదు: అచట నేడు కనబడు అలంకారమంతయు నాటి చిత్రములోనిది కాదు. మొదట ఊరు కథకై వేషము వేసికొనెను. ఇప్పుడు కథ జ్ఞాపకార్థమై మరల వేసికొనుచున్నది.

కెమేరా కొఱకే కట్టిన దాని గతి వేఱు. ఇందుకు అమెరికాలోని యొక చోటు సాక్ష్యము. "మ్యాష్" అను ధారావాహిక 1972 మొదలు 1983 వఱకు ప్రసారమయ్యెను. కొరియా యుద్ధకాలపు సైనిక వైద్యశిబిరము దాని విషయము. చూచువారికి కొరియా కొండలుగా తోచినవి నిజమునకు కాలిఫోర్నియాలోని సాంటా మోనికా కొండలు. 1982 అక్టోబరులో దావానలము వచ్చి శిబిరపు కట్టడములను చాలవఱకు దహించెను. నిర్మాతలు ఆ మంటలను కడపటి భాగపు కథలో చేర్చుకొనిరి. 2018 నవంబరులో వూల్సీ దావానలము ఆ ప్రాంతమును మరల కాల్చెను. నేడు ఆ చోటు మాలిబూ క్రీక్ ప్రభుత్వోద్యానవనములో నున్నది. తుప్పుపట్టిన పాత బండ్లు తప్ప శిబిరమునకు గుర్తులు కొలదిగనే కలవు. కొండల వరుస మాత్రము మారలేదు. పాత చిత్రములోని శిఖరములను నేటి శిఖరములతో సరిచూచి, డేరాలు ఎక్కడ నుండెనో సందర్శకులు పోల్చుకొందురు.

పోల్చు విధానమునకు ఇదియే మూలము. మొదట కదలని వస్తువులను రెండింటిని, దగ్గఱ నొకదానిని, దూరమున నొకదానిని, పాత చిత్రములో గుర్తింపవలెను. ఇంటి చూరు కొనయు దూరపు శిఖరమును చిత్రములో ఒకే గీతలో నున్నచో, అవి మన కంటికిని అట్లే కనబడువఱకు ప్రక్కకు జరుగవలెను. ఒక్క అడుగు తప్పినను దగ్గఱి వస్తువు దూరపు వస్తువునుండి తొలగును. తరువాత ఋతువును, వేళను సరిచూడవలెను. వేసవిలో తీసిన గోడను ఆషాఢమున చూచి, నాచు పట్టినది గావున శిథిలమైనదని చెప్పుట న్యాయము గాదు. కడపట తేదీని తప్పక వ్రాయవలెను. తేదీ లేని చిత్రము సాక్ష్యమునకు అంతగా పనికిరాదు.

విద్యార్థులారా, మన వీథులను ఏ ధారావాహికయు చూపియుండకపోవచ్చును. అయినను మీ తాతగారి పెండ్లి చిత్రము వెనుక ఒక అరుగు, ఒక చెట్టు, ఒక బావి కనబడవచ్చును. ఈ సెలవులలో అట్టి చిత్రము నొకదానిని తీసికొని, అదే చోట నిలిచి మరియొకటి తీయుడు. వెనుక తేదీని, ఊరిపేరును వ్రాయుడు. తల్లిదండ్రులారా, ఆ బావి ఎప్పుడు పూడినదో, ఆ చెట్టును ఎవరు నాటిరో మీరు పిల్లలకు చెప్పుడు. దొడ్డమనెను కెమేరా చూచినది గావున దేశమంతయు ఎఱుగును. మన యిండ్లను మనము చూచి వ్రాసికొననిచో, అవి పోయిన దినమున ఏమి పోయినదో చెప్పువారు సయితము ఉండరు.