తెరనే అడిగి తెలుసుకుందాం!

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తెలుగు మన ఇంటి భాష. వీధిలో తమిళం, అత్తిబెలె దాటితే కన్నడం. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున అది పైకి పాకింది. అందువల్ల తెలుగు అక్షరాలను ఇంట్లోనో, ఆదివారం తరగతిలోనో నేర్చుకునే పిల్లలు మనలో చాలామంది. ఆ తరగతుల్లోకి ఇప్పుడు పలకతో పాటు కంప్యూటరు తెర కూడా వచ్చింది. ఆ తెరమీద మన అక్షరం స్పష్టంగా కనబడటానికి పనికొచ్చే ఒక కొత్త సాధనం గురించి చెబుతాను.

ఇంగ్లీషు అక్షరం కాస్త మసకబారినా పోల్చుకోవచ్చు. తెలుగు అలా కాదు. 'ప', 'ఫ', 'ష'ల మధ్య తేడా ఒక చిన్న గీతే. 'రాష్ట్రం' అని రాస్తే ఒక అక్షరం కింద రెండు వత్తులు ఇరుక్కుని కూర్చోవాలి. నేను సాయం చేసే ఆదివారం తరగతిలో వెనుక వరుస పాప ఒకసారి 'భాష'ను 'భాప' అని చదివింది. పాప తప్పేమీ లేదు. ప్రొజెక్టరు వేసిన బొమ్మలో ఆ గీత అలుక్కుపోయింది.

ఎందుకలా జరుగుతుంది? ప్రతి తెరకూ చుక్కల లెక్క ఒకటుంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. కొన్ని ప్రొజెక్టర్లలో 1280, 800. ఒకదాని లెక్కకు తయారైన బొమ్మను మరొకదానిమీద సాగదీస్తే అంచులు చెదురుతాయి. ముందుగా నష్టపోయేవి సన్నని గీతలూ, వత్తులే.

ఇలాంటప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఫోన్ చేయడం నాకు అలవాటు. "మామా, రిజల్యూషన్ ఎంతుంది? ఏ కేబుల్ పెట్టినావు?" అని అడుగుతాడు. నాకు కనబడింది నేను చెప్పాలి, అతను ఊహించాలి. కృత్రిమ మేధను అడిగినా ఇంతకాలం అదే తంతు. మనం టైపు చేసిన నాలుగు ముక్కలను బట్టి "బహుశా ఇది కావచ్చు" అనేది. నాడి చూడకుండా మందు చెప్పే వైద్యమన్నమాట.

నిజానికి తెరకు తన సంగతి తాను చెప్పుకోవడం తెలుసు. 1994లో వెసా అనే సంస్థ ఇందుకు ఒక పద్ధతి ఏర్పరచింది. దాని పేరు ఇ.డి.ఐ.డి. తెర లోపల ఒక చిన్న జ్ఞాపకపు చిప్పులో 128 బైట్ల సమాచారం ఉంటుంది. తయారుచేసిన కంపెనీకి మూడక్షరాల గుర్తు, మోడల్ సంఖ్య, తయారైన సంవత్సరం, సెంటీమీటర్లలో పొడవు వెడల్పులు, ఇష్టమైన చుక్కల లెక్క అందులో ఉంటాయి. సంవత్సరాన్ని 1990 నుంచి లెక్కిస్తారు. 2020లో తయారైన తెరలో 30 అని ఉంటుంది. బొమ్మ వెళ్ళే కేబుల్‌లోనే మరికొన్ని సన్నని తీగల ద్వారా కంప్యూటరు ఈ చీటీని చదువుకుంటుంది.

కొత్త సంగతేమిటంటే, ఇప్పుడు ఆ చీటీని కృత్రిమ మేధ కూడా చదవగలదు. మనం చెప్పిన పనిని తానే అంచెలంచెలుగా చేసే కృత్రిమ మేధను ఏజెంటు అంటున్నారు. ఏజెంటుకు బయటి సాధనాలను జోడించడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతిని అందరికీ విడుదల చేసింది. ఈ దారిలో తెరల వివరాలు చెప్పే చిన్న సాధనాన్ని జోడించవచ్చు. ఎన్ని తెరలున్నాయి, ముఖ్యమైనది ఏది, దేనికి ఎన్ని చుక్కలు, అక్షరాలను ఎంత శాతం పెంచి చూపిస్తోంది అని ఏజెంటు అడుగుతుంది. కంప్యూటరు జవాబిస్తుంది. ఊహతో పని లేదు.

మా తరగతిలో తేలింది ఇదే. రెండు తెరలమీదా ఒకే బొమ్మ వచ్చే 'డూప్లికేట్' పద్ధతిలో, ల్యాప్‌టాప్ లెక్కే ప్రొజెక్టరుకూ వెళ్తోంది. 'ఎక్స్‌టెండ్' అని మార్చి, ప్రొజెక్టరుకు దాని లెక్క దానికి ఇచ్చాం. 'ష'లోని గీత తేటపడింది.

అయితే ఈ సాధనానికి హద్దులున్నాయి. గోడమీద బొమ్మ ఎంత పెద్దదో ప్రొజెక్టరుకు తెలియదు గనుక కొలతల చోట సున్నా ఉంచవచ్చు. మధ్యలో నాసిరకం స్విచ్చో, స్ప్లిట్టరో ఉంటే చీటీ కంప్యూటరు దాకా చేరకపోవచ్చు. చివరి వరుసలో కూర్చున్నవారి చూపు ఎంతో ఏ చీటీలోనూ ఉండదు. అది మనం వెళ్ళి కూర్చుని చూడవలసిందే.

ఇంకొక ముఖ్య విషయం. తెరను గురించి అడగడం వేరు, తెరమీద ఉన్నది చూడడం వేరు. ఇ.డి.ఐ.డి.లో మీ ఉత్తరాలు, ఫొటోలు ఏవీ ఉండవు. కానీ తెర మొత్తాన్ని ఫొటో తీసి పంపే సాధనాలు వేరే ఉన్నాయి. వాటికి అనుమతిస్తే బ్యాంకు లెక్కలు, పిల్లల మార్కులు కూడా బయటికి పోవచ్చు. కనుక జోడించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది చదవడమే చేస్తుందా, మార్చగలదా? తెర బొమ్మను తీస్తుందా? జవాబు మన కంప్యూటరులోనే ఉంటుందా, బయటికి వెళ్తుందా? చాలా తెరల చీటీలో సీరియల్ నంబరు కూడా ఉంటుంది. దాన్ని ఊరికే పంచుకోనక్కరలేదు.

సాధనం లేనివారూ దిగులు పడనక్కరలేదు. కంప్యూటరు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'రికమెండెడ్' అని చూపే లెక్క సాధారణంగా తెర చెప్పుకున్నదే. అది పెట్టి, పెద్ద అక్షరాల్లో 'రాష్ట్రం', 'భాష' అని రాసి, పదడుగుల దూరం నుంచి పిల్లలచేత చదివించండి. వత్తులు రెండూ విడివిడిగా కనబడితే మీ తెర తెలుగుకు సిద్ధమైనట్టే.