ఖాళీ గుల్లకు కొలువు

అలసంద మొక్కకు పట్టే తెగుళ్లలో ఒకటి ఆకుల మీద పసుపు మచ్చలు తెస్తుంది. (కోస్తావాళ్ల బొబ్బర్లు, తెలంగాణవాళ్ల బబ్బెర్లు ఇవే.) ఆ తెగులుకు కారణమైన వైరస్ పేరు కౌపీ క్లోరోటిక్ మాటిల్ వైరస్. పేరు బారెడు, ఒళ్లు మాత్రం 28 నానోమీటర్లే. పక్కపక్కనే పేరిస్తే ఒక్క మిల్లీమీటరులో 35 వేలకు పైగా పడతాయి. 1998లో అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త ట్రెవర్ డగ్లస్, మోంటానా స్టేట్ విశ్వవిద్యాలయంలో మొక్కల వైరస్‌ల మీద పనిచేసే మార్క్ యంగ్ కలిసి ఈ వైరస్ కడుపులోని జన్యుపదార్థాన్ని తీసేశారు. ఆ ఖాళీలో టంగ్‌స్టన్ లవణాన్ని స్ఫటికంగా పెంచారు. ‘నేచర్’ పత్రికలో అచ్చయిన వాళ్ల వ్యాసం నాలుగే పేజీలు. వైరస్‌ను రోగకారకంగా కాకుండా రసాయన పాత్రగా చూడవచ్చని చాలామందికి తట్టింది ఆ నాలుగు పేజీలు చదివాకే.

అందులో అంత గొప్పేముంది? నానో కొలతల్లో రేణువులు తయారుచేయడం రసాయన శాస్త్రవేత్తలకు అసాధ్యమేమీ కాదు. అన్నిటినీ ఒకే సైజులో తయారుచేయడమే కష్టం. ఫ్లాస్కులో స్ఫటికాలు పుట్టాక కొన్ని తొందరగా ఎదుగుతాయి, కొన్ని వెనకబడతాయి. చిన్నవి కరిగిపోతుంటే ఆ సరుకుతోనే పెద్దవి ఇంకా లావెక్కుతాయి. సైజు కాస్త మారితే రంగు, అయస్కాంత గుణం, ఉత్ప్రేరక శక్తి అన్నీ మారిపోయే లోకమది. అక్కడ ఒకే కొలతలో కోట్లకొద్దీ పాత్రలు కావాలంటే ఏ అచ్చు తయారీదారూ ఇవ్వలేడు. వైరస్ ఇవ్వగలదు. దాని గుల్ల కొలత జన్యువులోనే రాసి ఉంటుంది.

ఈ సంగతి బయటపడడానికి చాలా ఏళ్లు పట్టింది. 1935లో వెండెల్ స్టాన్లీ తెగులు సోకిన పొగాకు ఆకులను రుబ్బి, ఆ రసంలోంచి టొబాకో మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా రాబట్టాడు. సీసాలో ఉప్పులా దాచిపెట్టగలిగే పదార్థం మొక్క మీద రాయగానే రోగమై లేచింది. అది అచ్చంగా ప్రోటీనే అనుకున్నాడు స్టాన్లీ. ఇంగ్లండ్‌లో బాడెన్, పిరీ అందులో కొద్దిపాటి ఆర్ఎన్ఏ కూడా ఉందని చూపించారు. అయినా 1946లో నోబెల్ స్టాన్లీకే వచ్చింది, అదీ రసాయన శాస్త్రంలో. ఆ కొద్దిపాటిదే అసలు సరుకు, మిగతాదంతా దాని పెట్టె అని తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1955లో బర్క్‌లీలో హైంజ్ ఫ్రెంకెల్-కాన్రాట్, రోబ్లీ విలియమ్స్ ఆ వైరస్‌ను ప్రోటీన్‌గా, ఆర్ఎన్ఏగా విడగొట్టి మళ్లీ కలిపారు. ఎవరూ కూర్చకుండానే 2,130 ప్రోటీన్ ముక్కలు ఆర్ఎన్ఏ చుట్టూ చేరి 300 నానోమీటర్ల పొడవున్న గొట్టాలయ్యాయి. ఆ గొట్టాలు మళ్లీ మొక్కకు తెగులు తెచ్చాయి.

గొట్టం సంగతి అలా తేలింది. మరి గుండ్రటి వైరస్‌లు? వైరస్ దగ్గరున్న జన్యువు చాలా చిన్నది, పెద్ద ప్రోటీన్‌కు పథకం రాసుకునే చోటు దానిలో లేదు. కాబట్టి ఒకే చిన్న ముక్కను పదేపదే వాడుకోక తప్పదని 1956లో క్రిక్, వాట్సన్ ఊహించారు. ఆ ముక్కలు 60 గానీ, 60కి కొన్ని నిర్ణీత రెట్లు గానీ ఉంటాయని 1962లో కాస్పర్, క్లుగ్ లెక్క కట్టారు. అలసంద వైరస్‌లో ఉన్నవి 180. అవి ఐదేసి చొప్పున 12 గుంపులుగా, ఆరేసి చొప్పున 20 గుంపులుగా అమరుతాయి. పాతకాలపు నలుపు తెలుపు ఫుట్‌బాల్ మీద కుట్టిన 12 పంచభుజాలు, 20 షడ్భుజాల అమరిక కూడా సరిగ్గా ఇదే. 1967లో బాన్‌క్రాఫ్ట్, హీబర్ట్ ఈ గుల్లను పరీక్షనాళికలో విప్పి తిరిగి కట్టారు. ఉప్పు ఎక్కువగా, ఆమ్లత్వం తక్కువగా ఉంటే విడిపోతుంది. ఆమ్లత్వం పెంచితే లోపల ఏమీ లేకపోయినా మళ్లీ గుండ్రంగా ముడుచుకుంటుంది.

ఈ ‘లోపల ఏమీ లేకపోయినా’ అన్నదే మన కథకు ఆయువుపట్టు. ఆర్ఎన్ఏ ఉంటేనే వైరస్. అది లేకపోతే ప్రోటీన్‌తో కట్టిన పంజరం. లోపల 18 నానోమీటర్ల గది. దానికి తలుపులు కూడా ఉన్నాయి. కాల్షియం లేని ద్రావణంలో పీహెచ్ 6.5 దాటితే గుల్ల పదో వంతు ఉబ్బి, 2 నానోమీటర్ల వెడల్పున్న 60 రంధ్రాలు తెరుచుకుంటాయి. డగ్లస్, యంగ్ చేసింది ఇంతే: తలుపులు తెరిచి ఉన్నప్పుడు టంగ్‌స్టేట్ అయాన్లను లోపలికి వెళ్లనిచ్చి, తర్వాత ఆమ్లత్వం పెంచారు. తలుపులు మూసుకున్నాయి. అదే ఆమ్లత్వానికి లోపలి అయాన్లు ఒకదానితో ఒకటి కలిసి స్ఫటికమయ్యాయి. ఒక్క మార్పుతో రెండు పనులు. ఇలాంటి పొదుపైన ప్రయోగాలు ఏ శాస్త్రంలోనైనా అరుదే.

టంగ్‌స్టేటే ఎందుకంటే దానికి ఋణావేశం ఉంది. గుల్ల లోపలి గోడకు ధనావేశం, ఎందుకంటే అది పట్టుకోవలసిన ఆర్ఎన్ఏకు ఋణావేశం. మరి ధనావేశమున్న ఇనుమును లోపల పెంచాలంటే? 2002లో ప్రతి ప్రోటీన్ ముక్కలోనూ ధనావేశమున్న తొమ్మిది అమైనో ఆమ్లాలను మార్చి గ్లుటామిక్ ఆమ్లం పెట్టారు. లోపలి గోడ స్వభావం తలకిందులైంది, ఇనుప ఆక్సైడ్ రేణువులు పెరిగాయి. గుల్ల బయటి రూపు మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ ఇనుము కిటుకు నేర్పింది వైరస్ కాదు, మన ఒంట్లోనే ఉన్న ఫెర్రిటిన్. రక్తహీనత అనుమానం వస్తే డాక్టర్లు చేయించమనే పరీక్షలో కనిపించే పేరే అది. 1937లో చెక్ శాస్త్రవేత్త లౌఫ్‌బెర్గర్ దాన్ని గుర్రం ప్లీహంలోంచి వేరుచేశాడు. 24 ముక్కలతో 12 నానోమీటర్ల పంజరం, లోపలి 8 నానోమీటర్ల గదిలో 4,500 దాకా ఇనుప పరమాణువులు. 1991లో ఇంగ్లండ్‌లో స్టీఫెన్ మాన్ బృందం ఆ ఇనుమును ఖాళీ చేసి వేరే ఖనిజాలను అందులో పెంచింది. మరుసటి ఏడాది అయస్కాంత గుణమున్న మాగ్నెటైట్‌నే పెంచింది. వైరస్‌ను పాత్రగా వాడుకోవచ్చన్న ధైర్యం ఇక్కణ్నుంచే వచ్చింది.

ఆ తర్వాతి ఏళ్లన్నీ పండగే పండగ. ఎం.ఐ.టి.లో ఏంజెలా బెల్చర్ బాక్టీరియాకు సోకే ఎం13 అనే పోగులాంటి వైరస్ ఒంటికి కోబాల్ట్ ఆక్సైడ్ పట్టించి, 2006లో లిథియం బ్యాటరీ ధ్రువాన్ని తయారుచేశారు. డగ్లస్ బృందం పి22 అనే మరో వైరస్ గుల్లలో హైడ్రోజన్ పుట్టించే ఎంజైమ్‌ను దాచి, అది తొందరగా పాడవకుండా కాపాడింది. అందమైన పనులే. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా వైరస్ బ్యాటరీతో నడిచే వాహనం మన రోడ్డు మీద లేదు. బ్యాటరీ టన్నుల వ్యాపారం. తెగులు సోకిన కిలో అలసంద ఆకుల నుంచి వచ్చే వైరస్ బాగా పండినప్పుడు ఒక గ్రాము.

గ్రాములు చాలే చోటు వైద్యం. అందుకే ఆశలు అటు మళ్లాయి: గుల్లలో క్యాన్సర్ మందు నింపి, బయట చిరునామా అతికించి, సరిగ్గా కంతి దగ్గరికే పంపడం. వినడానికి ఎంత బావుందో ఆచరణలో అంత మొండికేసింది. మొక్కల వైరస్ మనకు సోకదు, కూరగాయలతోపాటు రోజూ తింటూనే ఉన్నాం. కానీ నేరుగా నెత్తుటిలోకి ఎక్కిస్తే నిమిషాల్లో కాలేయం పట్టేసుకుంటుంది. పైగా ఒకే ఆకారం ఒకే దూరంలో పదేపదే కనబడితే రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు పుట్టిస్తుంది. ఏ క్రమబద్ధతను చూసి రసాయన శాస్త్రవేత్త మురిసిపోయాడో దాన్ని చూసే ఒళ్లు ఉలిక్కిపడుతుంది. వాహనంగా నిజంగా నెగ్గింది ఏఏవీ అనే వైరస్ గుల్ల. 60 ముక్కల ఈ పంజరంలో మంచి జన్యువును పెట్టి ఇచ్చే జోల్‌జెన్‌స్మా, వెన్నెముక కండరాల క్షీణతతో పుట్టిన పసివాళ్లకు 2019 నుంచి ఉంది. ధర 20 లక్షల డాలర్ల పైమాటే. అందులోనూ అదే చిక్కు: ఒకసారి ఇచ్చాక యాంటీబాడీలు వచ్చేస్తాయి, రెండోసారి ఇవ్వడానికి వీలుండదు.

నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే వింతగా తోచేది వేరే ఉంది. నానో అన్న మాట వాడుకలోకి రాకముందే ఖాళీ గుల్ల మన జబ్బల్లోకి చేరిపోయింది. హెపటైటిస్-బి రోగి రక్తంలో అసలు వైరస్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా 22 నానోమీటర్ల ఖాళీ గోళాలు తిరుగుతుంటాయి. వైరస్ పైపొర ప్రోటీన్, కాస్త కొవ్వు తప్ప వాటిలో ఏమీ ఉండదు. 1981లో తొలి టీకాను రోగుల రక్తంలోంచి ఆ గోళాలను ఏరి తయారుచేశారు. అప్పుడే ఎయిడ్స్ భయం మొదలైంది, రక్తం నుంచి తీసిన మందంటే జనం జంకారు. పాబ్లో వాలెన్‌జువేలా బృందం ఆ ప్రోటీన్ జన్యువును ఈస్ట్‌లో పెట్టి చూసింది. ఈస్ట్‌లోనూ గోళాలు వాటంతటవే తయారయ్యాయి. 1986లో ఆ టీకా అమెరికా మార్కెట్లోకి వచ్చింది. మన దేశంలో అలాంటిది మొదట తయారైంది హైదరాబాద్‌లోనే. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి విడుదల చేసింది. దిగుమతి టీకా ధర మధ్యతరగతికి కూడా బరువుగా ఉన్న రోజులవి. ఆ సూది వేయించుకున్న తల్లిదండ్రులు, పిల్లలు తమ ఒంట్లోకి నానోరేణువులు వెళ్లాయని అనుకొని ఉండరు.

వాహనంలో లోపమనుకున్న గుణం టీకాలో బలమైంది. క్రమం తప్పని ఆ అమరికను చూసి ఒళ్లు ఎంత ఉలిక్కిపడితే అంత మంచిది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన తొలి మలేరియా టీకా కూడా ఈ హెపటైటిస్-బి గోళం మీద మలేరియా పరాన్నజీవి ముక్కను అంటించి చేసిందే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకాలోనూ ఉన్నది ఖాళీ గుల్లే.

అలసందకు సోకే మరో వైరస్ ఉంది, కౌపీ మొజాయిక్. దీన్ని చేపట్టిన నికోల్ స్టైన్‌మెట్జ్, స్టీవెన్ ఫియరింగ్ మందు మోయించాలన్న పట్టుదల మానేశారు. ఆర్ఎన్ఏ లేని గుల్లను, ఏ మందూ నింపకుండా, ఊపిరితిత్తుల్లో కంతులున్న ఎలుకల చేత పీల్పించారు. కంతి చాటున నిద్రపోతున్న రోగనిరోధక కణాలు లేచి క్యాన్సర్ కణాల మీద పడ్డాయి. ఆ ఫలితం 2016లో వచ్చింది. తర్వాత ఈ వైరస్ రేణువులను పెంపుడు కుక్కల కంతుల మీద కూడా పరీక్షించారు. ఇతర వైరస్‌లతో పక్కపక్కన పెట్టి చూసినా ఇదే గట్టిగా పనిచేసింది. మనుషులకు మందుగా మాత్రం దీనికింకా ఆమోదం లేదు.

ఇప్పుడు వైరస్‌ను అరువడగాల్సిన పని కూడా తగ్గుతోంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బేకర్, నీల్ కింగ్ ప్రోటీన్ల అంచులను కంప్యూటర్‌లో తిరగరాసి, ప్రకృతిలో లేని పంజరాలను కట్టారు. వాటిలో ఒకదానికి రెండు రకాల ముక్కలు, మొత్తం 120. రెండు రకాలనూ విడివిడిగా తయారుచేసి ఒకే పాత్రలో పోస్తే చాలు, పంజరం కట్టుకుంటుంది. దాని మీద కరోనా వైరస్ స్పైక్ ముక్కలు 60 నిలబెట్టిన స్కైకోవియోన్ టీకాను 2022 జూన్‌లో దక్షిణ కొరియా ఆమోదించింది. అప్పటికే కొరియాలో చాలామంది వేరే టీకాలు వేయించుకొని ఉండడంతో దానికి గిరాకీ అంతంతమాత్రంగానే సాగింది. రెండేళ్ల తర్వాత, 2024లో, బేకర్‌కు ప్రోటీన్ల రూపకల్పనకే నోబెల్ వచ్చింది, స్టాన్లీకి లాగే రసాయన శాస్త్రంలో.