నయాపూల్ తెలియని లెక్క

పొద్దున ఎనిమిదిన్నరకు హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండలో ఒకాయన కారు తీస్తాడు. అదే వేళకు మొగల్‌పురాలో ఒకామె హైటెక్ సిటీకి పోవడానికి బయల్దేరుతుంది. ఈ ఇద్దరినీ కలపడానికి పెద్ద కంపెనీ అక్కర్లేదు. ఎక్కడినుంచి, ఎక్కడికి, ఎన్నింటికి, ఎన్ని సీట్లు అని నాలుగు గడుల పట్టిక, దాన్ని చదివి జతలు కట్టే ఒక చిన్న స్క్రిప్టు చాలు.

ఇలాంటి లెక్కకు ఊపు తెచ్చింది పెట్రోలు కరువు. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక అమెరికాలో బంకుల ముందు కార్లు బారులు తీరాయి. 1974 జనవరిలో అక్కడి ప్రభుత్వం కార్‌పూల్ పథకాలకు డబ్బిచ్చే చట్టం తెచ్చింది. అప్పటి కంప్యూటర్లకు వీధులు తెలియవు. ఊరి పటం మీద గళ్లు గీసి, ఇల్లు ఏ గడిలో, ఆఫీసు ఏ గడిలో ఉన్నాయో ఆ అంకెలు ఎక్కించేవారు. అంకెలు కలిసినవాళ్ల పేర్లు అచ్చయి వచ్చేవి. ఆపైన మాట్లాడుకోవడం వాళ్ల పని.

ఇప్పుడు గళ్ల స్థానంలో అక్షాంశ రేఖాంశాలు వచ్చాయి. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లని పెట్టుకుని, హావర్‌సైన్ సూత్రంతో ఏ రెండు చోట్ల మధ్య దూరమైనా క్షణంలో తేల్చవచ్చు. కొత్తగా రాసేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పాతబస్తీలో అలా ఆగితే కుదరదు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి మూసీ నదికి చెరో గట్టున ఎదురెదురుగా ఉన్నాయి. సూత్రానికి అవి ఇరుగుపొరుగు ఇళ్లు. కారేమో నయాపూల్ వంతెన దాకా వెళ్లి, దాటి, తిరిగి రావాలి. చార్మినార్ చుట్టూ వాహనాలు తిరగకుండా దారి మూశారన్న సంగతీ సూత్రానికి తెలియదు.

అందుకే చౌరస్తాలను చుక్కలుగా, వీధులను గీతలుగా రాసుకుని, ఒక్కో గీతకు పట్టే నిమిషాలు వేయాలి. అందులో దగ్గరి దారి వెతికే పద్ధతిని ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాఫీ తాగుతూ ఇరవై నిమిషాల్లో ఆలోచించాడు. 1959లో అచ్చువేశాడు. నిమిషాలు మాత్రం మనమే మార్చుకుంటూ ఉండాలి. రంజాన్ రాత్రి చార్మినార్ బజారు నిండినప్పుడు మామూలు రోజుల అంకెలు పనికిరావు.

ఇక జత కట్టడం. కారు నడిపేవారికి ఒకరిని ఎక్కించుకుంటే ఎన్ని నిమిషాలు పెరుగుతాయన్నదే అసలు కొలత. ఊహకు అంకెలు వేసుకుందాం. శాలిబండ కారుకు మొగల్‌పురా ఆమె వల్ల 2 నిమిషాలు, హుస్సేనీఆలం ఆయన వల్ల 3 నిమిషాలు పెరుగుతాయి. ఫలక్‌నుమా కారుకు అవే 4, 20. ఆత్రపు స్క్రిప్టు ముందు కనబడ్డ 2ను పట్టుకుంటుంది. దాంతో రెండో కారుకు 20 మిగిలి, మొత్తం 22 అవుతుంది. తిప్పి కట్టి ఉంటే 3, 4 కలిపి 7తో సరిపోయేది. కళ్లెదుటి లాభం పక్కవాడికి అంత భారం కావడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

పది కార్లు, పదిమంది ప్రయాణికులైతే జతలు కట్టే తీరులు 36,28,800. అన్నీ సరిచూడకుండానే మేలైనది పట్టే ఉపాయాన్ని హెరాల్డ్ కూన్ 1955లో ప్రకటించాడు. హంగేరీ గణితజ్ఞులు కోనిగ్, ఎగర్వారీల పనిమీద నిలబడినందుకు దానికి హంగేరియన్ పద్ధతి అని పేరుపెట్టాడు.

ఆడవాళ్లు ఆడవాళ్లతోనే వెళ్తామంటే, ఆ షరతు లెక్కకు ముందే పట్టికలో ఉండాలి. కుదరని జతలను మొదటే కొట్టేయాలి. కారు దూరని గల్లీలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇంటి గుమ్మాన్ని కాక, నడిచిపోగల కమాన్‌నో పెద్ద రోడ్డు మలుపునో ఎక్కే చోటుగా రాసుకోవాలి.

ఇన్ని చేసినా కొందరికి కారు దొరకదు. వాళ్లకోసం నేనైతే పట్టికలో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌ను కూడా ఒక గమ్యంగా చేరుస్తాను. అక్కడ రైలెక్కి, అమీర్‌పేటలో మారితే రాయదుర్గం దాకా పోవచ్చు. ఆ స్టేషన్‌కు దగ్గరి అఫ్జల్‌గంజ్ వైపు సరుకుకు పోయే దుకాణదారు కారు కూడా అప్పుడు లెక్కలోకి వస్తుంది.