రంపపు పొట్టు చెప్పే కబురు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. ఎన్నో మహావృక్షాలు కూలి రోడ్లకు అడ్డంగా పడ్డాయి. గొడ్డళ్లతోనే నరకవలసి వస్తే ఎన్నాళ్లు పట్టేదో! గొలుసు రంపాలు వచ్చి ఆ మానులను ముక్కలు చేశాయి. సరుగుడు తోటల్లో, కట్టెల అడితీల్లో ఈ యంత్రాన్ని మీరూ చూసే ఉంటారు.

దాని హోరు వింటే, ఇంజను బలంతోనే మాను తెగుతోందని అనుకుంటాం. కాని ఇంజను చేసే పని గొలుసును తిప్పడం మాత్రమే. కోసేవి గొలుసు మీది పళ్లు. అవి మొండివైతే ఎంత పెద్ద ఇంజనైనా కొయ్యను కోయదు, రాపాడిస్తుంది. మరి ఆ పళ్లలో ఉన్న కిటుకు ఏమిటి?

పురుగు నేర్పిన పాఠం

మొదట్లో వచ్చిన గొలుసు రంపాల పళ్లు మామూలు చేతి రంపం పళ్లలాగే ఉండేవి. అవి కొయ్యను గీకేవి, త్వరగా అరిగిపోయేవి. 1946లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు ఒక మొద్దులో పెంకుపురుగు డింభకాన్ని గమనించాడు. అది తన రెండు దవడలతో ఎడమకూ కుడికీ కోసుకుంటూ గట్టి కొయ్యలో దారి చేసుకుపోతోంది. ఆ దవడల మాదిరిగా వంపు తిరిగిన పళ్లను, ఒకటి కుడికి ఒకటి ఎడమకు వచ్చేట్టు, కాక్స్ గొలుసుకు అమర్చాడు. ఈనాటి గొలుసులు చాలావరకు ఆ పద్ధతివే.

ఇటువంటి పన్ను నిజానికి ఒక చిన్న చిత్రిక. వడ్రంగి చిత్రిక పట్టేటప్పుడు చూడండి. అడుగు చెక్కనుంచి ఉలి రవ్వంత మాత్రమే బయటికి వచ్చి ఉంటుంది. మరీ ఎక్కువ వస్తే కొయ్యలో చిక్కుకుంటుంది. అసలే రాకపోతే చిత్రిక జారిపోతుంది. గొలుసు పన్నులోనూ అంతే. వెనుక వంపు తిరిగిన కత్తి, దాని ముందు ఒక చిన్న మొప్పు ఉంటాయి. ఆ మొప్పు కత్తి అంచుకన్నా సుమారు 0.65 మిల్లీమీటరు కిందికి ఉంటుంది. పన్ను ఎంత మందాన పెచ్చు తీయాలో నిర్ణయించేది ఈ తేడాయే. అందుకే దాన్ని లోతు గేజి అంటారు.

పెచ్చులా? పొడా?

పదునైన గొలుసు అడ్డంగా కోస్తున్నప్పుడు పెచ్చులు రాలుతాయి. మెత్తటి పొడి రాలుతున్నదంటే పళ్లు మొండిబారాయని అర్థం.

కారణం మీ భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుంది. పదునైన అంచు వైశాల్యం చాలా తక్కువ, కనుక కొద్ది బలానికే గొప్ప పీడనం పుడుతుంది. అంచు గుండ్రబడితే వైశాల్యం పెరుగుతుంది, పీడనం పడిపోతుంది. అప్పుడు మనిషి తన బరువంతా వేసి నొక్కవలసి వస్తుంది. రాపిడికి గొలుసు వేడెక్కి, వ్యాకోచించి, వదులవుతుంది. మాను హఠాత్తుగా తెగితే నొక్కుతున్న మనిషి ముందుకు తూలిపోతాడు. పదునైన కత్తికన్నా మొండి కత్తే ప్రమాదమని పెద్దలు అనడం ఇందుకే.

అసలు పదును ఎలా పోతుంది? గొలుసు సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరుగుతోందనుకోండి. పన్నుకూ పన్నుకూ మధ్య సుమారు 33 మిల్లీమీటర్లు. లెక్క కట్టండి: సెకనుకు 600 పళ్లు! రంపం ఒక్క సెకను నేలను తాకిందంటే అన్నిసార్లు ఇసుకను గీరినట్టే. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువులు ఉక్కు అంచును ఇట్టే పాడుచేస్తాయి.

సాన పట్టే పద్ధతి

ఇంజను ఆపి, గొలుసును కదలకుండా బిగించి, గుండ్రటి ఆకురాయితో పన్ను లోపలినుంచి బయటికి తోస్తారు. వెనక్కి లాగేటప్పుడు తాకనివ్వరు. ఆకురాయి తోసేటప్పుడే కోస్తుంది మరి. వంటచెరకు కోసే గొలుసుకు సాధారణంగా 30 డిగ్రీల కోణం పాటిస్తారు. ఆకురాయి వ్యాసంలో అయిదో వంతు పన్ను పైఅంచుకన్నా ఎత్తుగా ఉండాలి. ముందు ఒక పక్క పళ్లన్నీ, తరువాత రెండో పక్కవి రుద్దుతారు. అన్ని పళ్లూ ఒకే పొడవుకు రావాలి. ఒక పక్కవి పొట్టివైతే కోత ఒంకర తిరుగుతుంది.

ఇంకొక సంగతి ఉంది. కత్తి పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది. కనుక రుద్దినకొద్దీ దాని ఎత్తు తగ్గుతుంది, లోతు గేజి మాత్రం అలాగే ఉండిపోతుంది. అప్పుడు పన్ను ఎంత పదునుగా ఉన్నా కొయ్య మీద జారుతుంది. అందుకే నాలుగైదుసార్లు సాన పట్టాక కొలత చూసి, బల్లపరుపు ఆకురాయితో గేజిని కాస్త దించాలి. ఎక్కువ దించితే పన్ను కొయ్యను గట్టిగా కరుచుకుంటుంది. రంపం ఎగిరి మనిషి మీదికి తన్నే ప్రమాదం పెరుగుతుంది.

ఏ గొలుసు కొనాలి?

గొలుసు కొనేటప్పుడు మూడు కొలతలు యంత్రానికి సరిపోవాలి. మొదటిది పిచ్. వరుసగా మూడు రివెట్లను తీసుకుని, మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఉన్న దూరంలో సగం కడితే అదే పిచ్. రెండోది బార్ గాడిలో నడిచే లంకెల మందం. మూడోది ఆ లంకెల సంఖ్య. ఆకురాయి కూడా పిచ్‌ను బట్టే ఉంటుంది. పిచ్ 0.325 అంగుళాలైతే సాధారణంగా 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి వాడతారు.

ఆ తరువాత పన్ను ఆకారం చూడాలి. మూల చతురస్రంగా ఉన్న పన్ను శుభ్రమైన పచ్చి కొయ్యను వేగంగా కోస్తుంది, కాని మట్టి తగిలితే త్వరగా మొండిబారుతుంది. మూల గుండ్రంగా ఉన్నది కొంచెం నెమ్మది, అయితే పదును ఎక్కువసేపు నిలుస్తుంది. నేల మీద దొర్లి, బెరడులో దుమ్ము పట్టిన తుమ్మ మొద్దులకు రెండోదే మేలు.

ఈ యంత్రం మీరు ముట్టుకోవలసింది కాదు. శిక్షణ పొంది, తగిన రక్షణ దుస్తులు తొడుక్కున్న పెద్దలే వాడాలి. పని ముగిసి, ఇంజను ఆగాక, రాలిన పొట్టును గుప్పెడు తీసుకుని చూడండి. పెచ్చులున్నాయా, పొడి ఉందా? గొలుసును చూడకుండానే దాని పదును చెప్పగలరేమో ప్రయత్నించండి.